మేనకోడలి ల్యాప్‌టాప్

"పిల్ల మొదటిసారి ఇల్లు వదిలి చదువుకి వెళ్తుంటే, ఎవరో వాడి వదిలేసిన సామాను చేతికిస్తామా బామ్మర్దీ?" అన్నాడు మా బావ. ఫోన్లో అన్న ఆ ఒక్క మాటకి ఈ వారమంతా నాకు కుదురు లేదు. మా అక్క కూతురికి ఇంజినీరింగ్ సీటొచ్చింది. వాళ్ళది మార్కాపురం దగ్గర పల్లె. ఆ ఇంట్లో ఇంతవరకూ కంప్యూటరన్నది లేదు. ల్యాప్‌టాప్ కొనిపెట్టే పని మేనమామగా నామీద పడింది, నేనూ ఇష్టంగానే తీసుకున్నాను. "సికింద్రాబాద్‌లో మంచి రీఫర్బిష్డ్ మెషిన్ చూస్తాను, సగం ధరకే వస్తుంది" అన్నాను. దానికి వచ్చిన జవాబు అది.

పాత వస్తువుని ఎవరైనా చిన్నచూపు చూస్తే నేను ఊరుకోలేనని ఈ కాలమ్ చదివేవారికి తెలుసు. రాజమండ్రి రత్నం పెన్నుల గురించీ, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల గురించీ, కాయిల్ కట్టిస్తే ఇంకా ఏళ్ళకేళ్ళు తిరిగే సీలింగ్ ఫ్యాన్ల గురించీ ఇదే చోట ఎన్నోసార్లు రాశాను. బాగుచేసి వాడుకోగల వస్తువుని పారేస్తే, దాన్ని తయారుచేసిన చేతుల్ని అవమానించినట్టేనని నా నమ్మకం. బావకి సరైన జవాబు చెప్పాలన్న పట్టుదలతోనే సీటీసీకి బయల్దేరాను.

సీటీసీ అంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. హైదరాబాద్‌లో కంప్యూటర్ కొన్నవాళ్ళూ, చెడిపోయి బాగుచేయించుకున్నవాళ్ళూ ఏదో ఒకరోజు ఆ మెట్లెక్కే ఉంటారు. ఒకప్పుడు అసెంబుల్డ్ పీసీ కోసం వెళ్ళేవాళ్ళం. ప్రాసెసర్ నుంచి మౌస్ దాకా తెల్లకాగితం మీద వరసగా రాసుకుని, నాలుగు షాపుల్లో రేట్లు వేయించుకుని, మధ్యాహ్నం దాకా బేరమాడి, క్యాబినెట్ ఆటోలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ చుట్టుపక్కల చాలా షాపుల్లో పాత ల్యాప్‌టాప్‌లు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో కూడా ఇదే దృశ్యం.

బావ అనుమానమంతా ఈ సరుకు ఎక్కడిదన్న దగ్గరే ఉంది కాబట్టి అది చెప్పాలి. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకి వేలకొద్దీ ల్యాప్‌టాప్‌లు లీజుకో, సొంతానికో తీసుకుంటాయి. మూడు నాలుగేళ్ళకి, బాగున్నా బాగలేకపోయినా, అన్నింటినీ ఒకేసారి మార్చేస్తాయి. ఆ పాతవి లాట్ల లెక్కన వ్యాపారుల చేతికొస్తాయి. వాళ్ళు దుమ్ము దులిపి, డిస్కు చెరిపి, అవసరమైన చోట ర్యామ్, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ మార్చి అమ్ముతారు. విదేశాల నుంచి వచ్చినవీ ఉంటాయి. ఎంటర్ మీట తలకిందులైన ఎల్ ఆకారంలో ఉండి, కొన్ని మీటల మీద స్టిక్కర్లు అంటించి ఉంటే అది యూరప్ దేశాల కీబోర్డని తెలిసిపోతుంది. ఎవరో విసిగి పారేసిన సామాను కాదు ఇదంతా. లెక్కల పుస్తకంలో కాలం తీరిన సామాను.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆఫీసుల కోసం చేసే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ రకాలు మాల్‌లో తళతళలాడే చౌక ల్యాప్‌టాప్‌ల లాంటివి కావు. అడుగున నాలుగు స్క్రూలు విప్పితే లోపలి భాగాలు చేతికందుతాయి, మడతబందులు గట్టిగా ఉంటాయి. పాతిక వేలకి కొత్తది కొంటే ఏమొస్తుందో కూడా చూశాను. సెలెరాన్ ప్రాసెసరు, బోర్డుకే అతికించేసిన 4 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ పేరెత్తకుండా స్టోరేజ్ అని మాత్రం రాసిన 64 జీబీ ఈఎంఎంసీ చిప్పు. విండోస్ ఒక పెద్ద అప్‌డేట్ అడిగిందంటే దానికి చోటుండదు. అలాంటి మెషిన్ని చదువుకునే పిల్లలకి అంటగట్టే షోరూముల మీద నాకు నిజంగానే కోపం.

సీటీసీ షాపు కుర్రాడు థింక్‌ప్యాడ్ టీ480 తీసి నా ముందు పెట్టాడు. "ఏ గ్రేడ్ పీస్ సార్, గీత కూడా లేదు." ఐ5 ఎనిమిదో తరం, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, షాపు వారంటీ ఆరు నెలలు, ఇరవై రెండు వేలు. తిరగేసి చూశాను. అడుగున ఏదో కంపెనీ ఆస్తి నంబరు స్టిక్కరు ఊడదీసిన చోట జిగురు ఇంకా వేలికి అంటుతోంది. ఏ, ఎస్, ఈ మీటల మీద గరుకుతనం పోయి నున్నబడింది. స్పేస్ బార్ కుడిపక్క మాత్రమే మెరుస్తోంది. దీన్ని వాడిన మనిషి నాలుగేళ్ళూ కుడి బొటనవేలితోనే కొట్టాడన్నమాట. పదాలు విడదీస్తూ రాసినవాడెవరో పనిమంతుడే. నాకా మెషిన్ మీద అభిమానం అక్కడే పుట్టింది.

అభిమానం వేరు, పరీక్ష వేరు. ఆన్ చేసేటప్పుడు ఎఫ్1 నొక్కించి బయోస్‌లోకి వెళ్ళాను. అక్కడ పాత కంపెనీ పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషిన్ ఎంత మంచిదైనా వదిలేయాలి. విండోస్ మొదటినుంచి ఎక్కించి, వైఫై కలిపి చూడమన్నాను. కొన్ని మెషిన్లు అప్పుడు పాత కంపెనీ పేరు చూపించి ఆ ఉద్యోగి లాగిన్ అడుగుతాయి, అంటే వాటిని ఆ కంపెనీ ఇంకా వదల్లేదని. తర్వాత నల్లటి కమాండ్ కిటికీలో బ్యాటరీ రిపోర్టు తీయించాను. టీ480కి రెండు బ్యాటరీలు, ఒకటి లోపల, ఒకటి బయట నుంచి తీసి పెట్టుకునేది. టీ వరసలో అలా బయటి బ్యాటరీ ఉన్న చివరి తరం ఇదే. లోపలిది తయారైనప్పుడు 24 వేల మిల్లీవాట్ అవర్లు పట్టేది, ఇప్పుడు 13 వేలకి దిగింది. కుర్రాడు ఆ అంకె చూసి మొహం తిప్పుకోలేదు. "లోపలిది కొత్తది వేసిస్తాను సార్, పద్దెనిమిది వందలు" అన్నాడు. తెర ఫుల్ హెచ్‌డీయేనా అని కూడా చూసుకున్నాను. ఈ మోడల్‌లోనే పక్కకి జరిగి చూస్తే రంగులు వెలిసిపోయే నాసిరకం తెర ఉన్నవీ ఉన్నాయి, పేరు చూసి మోసపోకూడదు.

పక్క షాపులో పదమూడు వేలకే ఆరో తరం మెషిన్ ఉంది. చౌక అని చేయి చాపేది ఇక్కడే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్పు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచీ కావాలి. అంతకు ముందువాటి మీద దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి అమ్ముతున్నారు. అది ఎన్నాళ్ళు సవ్యంగా అప్‌డేట్ అవుతుందో అమ్మినవాడు చెప్పలేడు. పైగా ఏడో తరం వరకూ సన్నపాటి ల్యాప్‌టాప్‌లలో వేసే ఐ5కి రెండే కోర్లు. 2017లో వచ్చిన ఎనిమిదో తరంతో అవి నాలుగయ్యాయి. కాబట్టి గీత అక్కడ గీసుకోవాలి.

ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేశామని లెక్క చూపగలిగింది అందులో నాలుగో వంతు కూడా లేదు. ల్యాప్‌టాప్ వల్ల భూమికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం దాన్ని తయారుచేసేటప్పుడే జరిగిపోతుంది. పనికొచ్చే మెషిన్ ఇంకో నాలుగేళ్ళు నడిస్తే అది అందరికీ మేలు. ఈ వాదనంతా మనసులో సిద్ధం చేసుకుని, అడ్వాన్సు కోసం జేబులో చేయి కూడా పెట్టాను.

అంతలో కౌంటర్ వెనక ఇంకో కుర్రాడు ర్యామ్ ముక్కని వేళ్ళ మధ్య పట్టుకుని, పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు పళ్ళని రుద్దడం మొదలుపెట్టాడు. నేను చేయి వెనక్కి తీసుకుని అలాగే చూస్తూ నిలబడ్డాను.

ఆ రబ్బరు నన్ను విజయవాడ ఏలూరు రోడ్డు వెనక సందుకి తీసుకెళ్ళింది. అక్కడి ఒక మేడ మీద డీటీపీ సెంటర్లో మా చిన్న వారపత్రిక కంపోజ్ అయ్యేది. రెండు గదులు, మూడు సిస్టమ్స్, మూడూ ఎక్కడెక్కడి విడిభాగాలతోనో కట్టినవే. ఎవరో మార్చేసిన పదిహేను అంగుళాల మానిటర్లు, పసుపు పచ్చబడిన కీబోర్డులు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, బటర్ పేపర్ మీద ప్రింటు తీసే లేజర్ ప్రింటరు. అక్కడి ఆపరేటరు తెలుగుని తెర చూడకుండా కొట్టేది. వత్తులు, దీర్ఘాలు ఏ మీటల్లో ఉన్నాయో ఆమె వేళ్ళకి తెలుసు, అడిగితే నోటితో చెప్పలేకపోయేది. పెళ్ళి శుభలేఖలు, సంఘాల కరపత్రాలు, గైడ్లు, మా పత్రిక, అన్నీ ఆ మూడు సిస్టమ్స్ మీదే. ఆ కాలంలో చిన్న పుస్తకాలూ చిన్న పత్రికలూ ఎన్నో అలాంటి మేడ గదుల్లోంచే వచ్చాయి. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు లేకపోతే అవి వచ్చేవే కావు. నేను పాత యంత్రాల పక్షం వహించడానికి మొదటి కారణం ఆ గది.

ఆ గదికి ఒక హార్డ్‌వేర్ అబ్బాయి వచ్చేవాడు. ఎదురు సందులో చిన్న షాపు, సైకిలు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. సిస్టమ్ ఆన్ కాక కూతలు పెడుతుంటే మెట్లు ఎక్కుతూనే విని "ర్యామే అన్నా" అనేవాడు. క్యాబినెట్ పక్కరేకు ఊడదీసి, ర్యామ్ లాగి, రబ్బరుతో రుద్ది, నోటితో ఉఫ్ఫని ఊది, మళ్ళీ టక్కుమని బిగించేవాడు. కూత ఆగేది. ఎస్ఎంపీఎస్ కాలిపోతే ఇంకోదాని నుంచి పీకి పెట్టేవాడు. వానాకాలం కరెంటు పోతూ వస్తూ ఉంటే రోజుకి రెండుసార్లు వచ్చిన సందర్భాలున్నాయి.

2004 ఎన్నికలప్పుడు పని విపరీతంగా ఉండేది. ఒక రాత్రి పదకొండుకి, తెల్లారేసరికి ప్రెస్సుకి వెళ్ళాల్సిన కరపత్రం ఉన్న సిస్టమ్ పడిపోయింది. బోర్డే పోయింది. సెంటర్ యజమాని నోట మాట లేదు. ఆ అబ్బాయి నిద్రలోంచి లేచొచ్చాడు. పోయిన సిస్టమ్ లోంచి హార్డ్ డిస్కు విప్పి బల్ల మీద పెట్టాడు. డిస్కు వెనక పళ్ళ మధ్య జంపర్ అని గోరంత నల్లటి ప్లాస్టిక్ ముక్క ఉండేది. దాన్ని మాస్టర్ నుంచి స్లేవ్ స్థానానికి మార్చాలి. పటకారు లేదు, గోరుతోనే లాగాడు. ముక్క ఎగిరి కింద పడింది. అందరం నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని టార్చిలైటుతో వెతికాం. దొరికింది. పెట్టాడు, రెండో సిస్టమ్‌కి బూడిదరంగు రిబ్బన్ కేబుల్ తగిలించాడు, తెర మీద ఇంకో డ్రైవ్ కనిపించింది. కరపత్రం అందులో చెక్కుచెదరకుండా ఉంది. ఆపరేటరు ఏమీ అనకుండా కుర్చీ లాక్కుని మిగిలిన పేరాలు కొట్టడం మొదలుపెట్టింది.

పాత యంత్రాలు ఎంత గట్టివో చెప్పడానికి ఈ కథ నేను చాలామందికి చెప్పాను. సీటీసీ కౌంటర్ దగ్గర నిలబడి రబ్బరుని చూస్తుంటే ఇందులో గట్టిది ఏదో తెలిసొచ్చింది. యంత్రాలు వారం వారం చెడిపోతూనే ఉన్నాయి. పని ఆగకపోవడానికి కారణం పిలిస్తే పది నిమిషాల్లో మెట్లెక్కే మనిషి, ఒకటి పోతే పక్కన ఇంకో రెండు సిస్టమ్స్. ఆ మనిషీ, ఆ అదనపు సిస్టమ్సూ ఉన్నచోట పాత వస్తువుకి మించిన తెలివైన బేరం లేదు.

మా మేనకోడలికి ఆ రెండూ లేవు.

షాపు వారంటీ ఆరు నెలలంటే, మెషిన్ని షాపుకి తెచ్చిస్తే బాగుచేసి ఇస్తారని అర్థం. మార్కాపురం వైపు నుంచి రాత్రి బస్సెక్కి సికింద్రాబాద్ రావాలి. మార్కాపురం షాపుల్లో ర్యామ్, ఎస్ఎస్‌డీ, కీబోర్డు, బ్యాటరీ వేస్తారు. ఛార్జింగ్ సర్క్యూటో బోర్డులో చిప్పో పోయిందంటే విజయవాడో హైదరాబాదో పంపాలి, వారమో పది రోజులో చూడాలి. అది సెమిస్టర్ పరీక్షల ముందో, ప్లేస్‌మెంట్ టెస్టు రోజో జరిగితే ఆ పిల్లకి వేరే మెషిన్ లేదు. ఇంట్లో తండ్రి ల్యాప్‌టాప్ తీసుకునే పిల్లకీ, ఆ ఇంటికే మొదటి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళే పిల్లకీ ఒకే సలహా చెల్లదు.

రెండో లెక్క వయసుది. టీ480 వచ్చింది 2018లో. ఇప్పటికే ఏడేళ్ళు దాటింది. బీటెక్ నాలుగేళ్ళు. ఆమె చివరి సంవత్సరం ప్రాజెక్టు చేసేనాటికి ఆ మెషిన్ వయసు పన్నెండుకి దగ్గరపడుతుంది. ఒకసారి ఏడో తరం దాకా గీత గీసి పక్కన పెట్టిన మైక్రోసాఫ్ట్ ఎనిమిదో తరం దగ్గర ఎప్పుడు గీస్తుందో మన చేతిలో లేదు. లినక్స్ ఎక్కించుకోవచ్చు కదా అని నా పాత పాఠకులు అడుగుతారు. అడగాలి కూడా. స్వేచ్ఛ సంస్థ మిత్రులు తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన రోజు నుంచీ నేను ఆ పక్షమే. ఇప్పటికీ నా రాత లినక్స్ మింట్ మీదే సాగుతోంది. అయితే చాలా కంపెనీల ఆన్‌లైన్ టెస్టులు కెమెరా పెట్టి కాపలా కాసే బ్రౌజర్లలో జరుగుతున్నాయి, అవి విండోసే కావాలంటాయి. ఆ రోజున నా సిద్ధాంతం ఆమెకి సాయపడదు.

పిల్లకే ఫోన్ చేసి అడిగాను. "ఏదైనా పర్లేదు మావయ్యా, మధ్యలో ఆగిపోకపోతే చాలు" అంది. ఇంత స్పష్టంగా నాకు ఏ షాపువాడూ చెప్పలేదు.

కొత్తదే కొన్నాను. మాల్‌లో పాతిక వేలకి ఊరించేది కాదు. నలభై వేల చుట్టూ ఉన్నవాటిలో, ర్యామ్ పెంచుకునే స్లాటు ఉన్నది, మనిషి ఇంటికొచ్చి బాగుచేసే వారంటీని అదనంగా కట్టి మూడేళ్ళకి పెంచుకోగలిగినది చూసి తీసుకున్నాను. తేడా డబ్బు నేను వేస్తానంటే బావ ఒప్పుకోలేదు. మేనమామ పెట్టుబడి అనుకోమని మా అక్క ఒప్పించింది. ఎవరో వాడిన వస్తువు పిల్లకి తక్కువ అన్న బావ మాటని నేను ఇప్పటికీ ఒప్పుకోను. మార్కాపురం పలకలు చేసే ఊరు. పగిలితే పక్క వీధిలో ఇంకోటి దొరుకుతుందన్న ధైర్యంతో అక్కడి పిల్లలు అక్షరాలు దిద్దారు. ఆ ధైర్యం ల్యాప్‌టాప్ విషయంలో ఇంకా వాళ్ళకి చేరలేదు, నేను కొత్తది కొన్నది అందుకే.

ఇంట్లో మరో మెషిన్ ఉన్నవాళ్ళు, నగరంలో షాపుకి నడిచి వెళ్ళగలిగేవాళ్ళు, బిల్లులు కొట్టుకునే చిన్న దుకాణాలు, రిటైరై ఏదో రాసుకుందామనుకునేవాళ్ళు రీఫర్బిష్డే కొనండి, పైన చెప్పినట్టు పరీక్షించి కొనండి. ఆ టీ480ని తెలిసిన ఒక అనువాదకురాలికి చూపించాను, కొత్త బ్యాటరీ వేయించుకుని తీసుకుంది.

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలని ఒక్కటి అడగాలని ఉంది. మీ ఆఫీసు నుంచి మూడేళ్ళకి బయటికొచ్చే మెషిన్, చేతులు మారి మారి మా పిల్లల బేరానికి అందేసరికి ఏడేళ్ళదవుతోంది. మూడేళ్ళ వయసులోనే నేరుగా జిల్లాల్లోని కాలేజీలకి చేరితే, నాలుగేళ్ళ చదువు ముగిసేసరికి దానికి ఏడేళ్ళు, హాయిగా సరిపోతుంది. మీ సమాచారం బయటికి పోతుందన్న భయం ఉంటే డిస్కు తీసుకుని మిగతాది ఇవ్వండి, కొత్త ఎస్ఎస్‌డీ కాలేజీ వేసుకుంటుంది. బయోస్ పాస్‌వర్డ్ తీసేయడం, మీ కంపెనీ రిజిస్ట్రేషన్ జాబితా నుంచి ఆ మెషిన్ని తప్పించడం మీ ఐటీ విభాగం చేయగల పనే. మెషిన్లు ఒకే మోడల్‌వి యాభై వస్తే విడిభాగాలు ఒకదానికొకటి సరిపోతాయి. అప్పుడు ఆ కాలేజీ ల్యాబులో ఒక బల్ల, ఒక సాల్డరింగ్ ఐరన్, జీతమిచ్చి కూర్చోబెట్టడానికి ఒక పాలిటెక్నిక్ చదివిన అమ్మాయో అబ్బాయో ఉంటే చాలు. వచ్చే ఏడాది ఎవరైనా రీఫర్బిష్డ్ కొనమంటారా అని అడిగితే ముందు ఆ బల్ల ఉందా అనే అడుగుతాను.